పూటప్పుల సుబ్బరత్నం

పద్నాలుగు కట్టలు. అన్నీ ఐదువందల నోట్లే. వెరసి ఏడు లక్షలు. ఆ ఏడు లక్షలతో ఈపూరు మండలం ఒక్క మార్చి నెలలో కోటి రూపాయల అప్పు తీర్చిందంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. కిటుకు చెప్పకపోతే లెక్కల మాస్టారికైనా తల తిరగాల్సిందే. ఆ కిటుకేమిటంటే, అప్పు తీరనే లేదు. తీరినట్టు రాసుకున్నారు, అంతే.

ఆ కట్టలు సుబ్బరత్నం చేతిసంచిలో ఉండేవి. యాభై ఆరేళ్ళ మనిషి. గట్టిగా గాలి వీస్తే సంచి బరువు వల్లే నిలబడిందనిపించేంత బక్కపలచన. బ్యాంకు షట్టరు లేచేసరికి మెట్ల పక్కన అరుగు మీద హాజరు. పన్నెండేళ్ళలో మేనేజర్లు ఐదుగురు మారారు గానీ ఆమె మాత్రం మారలేదు. కొత్తగా వచ్చిన ఒక మేనేజరు ఆమెను స్టాఫే అనుకుని, "నిన్న లీవు పెట్టకుండా ఎక్కడికి పోయావమ్మా?" అని గద్దించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆమె కూడా నొచ్చుకుని, "మా పెద్దమ్మ దినం సార్" అని సంజాయిషీ ఇచ్చిందట.

ఆమె పని ఇది. మిరపకూ పత్తికీ పెట్టుబడి కావాలంటే ఇంట్లో ఆడవాళ్ళ మెడలోది బ్యాంకుకు పోవాలి. గడువు ఏడాది. ఆలోపు అసలూ వడ్డీ కట్టి నగ విడిపించుకోవాలి. పంట డబ్బు పురుగుమందుల కొట్టుకే చాలనప్పుడు అసలు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని రైతు వడ్డీ మటుకు జేబులో పెట్టుకుని సుబ్బరత్నం దగ్గరికి వస్తాడు. అసలు ఆమె ఇస్తుంది. ఆ డబ్బు క్యాషు కౌంటర్లో కట్టగానే పాత అప్పు మూసుకుంటుంది. లాకరు లోంచి నగ బయటికొచ్చి పక్క బల్ల మీదికి చేరుతుంది. దాన్నే మళ్ళీ తూచి మళ్ళీ అప్పిస్తారు. ఆ డబ్బు అదే కౌంటర్లోంచి బయటికొచ్చి సుబ్బరత్నం సంచిలో పడుతుంది. గంటన్నర పని. లక్షకు ఐదువందలు ఆమెవి. కాగితం లేదు, సంతకం లేదు. భోజనం వేళకు తిరిగొచ్చే డబ్బుకు ప్రోనోటు రాయమని అడిగితే అవతలివాణ్ణి దొంగ అన్నట్టేనని ఈపూరులో లెక్క.

ఇందులోకి ఆమె సరదాపడి రాలేదు. మొగుడు పోయిన ఏడాది రెండు పేటల గొలుసు బ్యాంకులో పెట్టింది. గడువునాటికి నలభై వేలు, అదీ ఒక్క రోజు కోసం, అడగని గడప లేదు. ఎవరూ ఇవ్వలేదు. గొలుసు వేలంలో పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు కోల్డు స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసి, మంట చేతులతోనే మొదటి ఇరవై వేలు కూడబెట్టింది. ఆ రోజు నుంచి ఒక ఒట్టు పెట్టుకుంది. పరాయి ఆడదాని బంగారం తన చేత్తో పట్టుకోదు. బంగారమంటే బ్యాంకులో ఉండాలి, లేదా మెడలో ఉండాలి. మధ్యలో తన గుప్పిట్లో ఉండకూడదు.

నగలు తూచేది వీరాంజనేయులు. అరవై దాటిన కంసాలి. ఒకే నగను ఏటా గీటురాయి మీద గీసి గీసి, మిరప రైతు ఆంజనేయులు పెళ్ళాం చంద్రహారం అరగ్రాము అరగదీశాడని ఆయన మీద నింద. ఆయన అది కాదనేవాడు కాదు.

"హారం అరగతా ఉంది, అప్పు పెరగతా ఉంది రత్నమ్మా," అన్నాడొకనాడు టీ తాగుతూ. "ఈ హారం మీదే ఆంజనేయులు మొదట డెబ్బై వేలు తీశాడు. బంగారం రేటు పెరిగింది, లక్షా పది తీశాడు. మళ్ళీ పెరిగింది, రెండు లక్షలు. పంట పండిందా ఏంది? రేటు పండింది."

"పెరిగింది గదా, మంచిదేగా?"

"పెరిగిన డబ్బుతోనే గఫారు కొట్లో ఎరువు బాకీ కట్టారు, ట్రాక్టరు కిస్తీ కట్టారు, పిల్లల ఫీజులు కట్టారు. మండలమంతా ఆ ఎగస్ట్రా మీదే బతకతా ఉంది. ఆ గుమ్మడికాయ ఎన్నాళ్ళు ఉబ్బిద్దో చూద్దాం."

సుబ్బరత్నం నవ్వేసింది. కానీ ఆ నవ్వు ముగిసే లోపే సంచి పట్టీని మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుంది.

ఎందుకంటే ఆ ఏడు లక్షల్లో ఆమెది లక్షన్నర. మిగతా ఐదున్నర వీధిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళది. గేదెలు అమ్మిన రామాయమ్మది లక్షన్నర. బట్టలు కుట్టే జైనాబ్ బీది కూతురి నర్సింగు చదువు కోసం దాచిన ఎనభై వేలు. ఇలాంటివే మిగతావీ. నూటికి రూపాయి వడ్డీ. అడిగిన పూట అసలు చేతిలో పెట్టాలి. ఆ మాట పన్నెండేళ్ళు తప్పలేదు. ఒకసారి రామాయమ్మ ఊరికే పరీక్షకని పొద్దున్నే వచ్చి లక్ష అడిగి, తీసుకుని, ఎక్కడా లెక్క తగ్గలేదని చూసి, సాయంత్రం తిరిగి ఇచ్చిపోయింది. అలాంటి మనిషి రామాయమ్మ.

మేనేజరు అమర్నాథ్ ఈ సంగతి విని ముచ్చటపడ్డాడు. "మీరూ మా లాంటి బ్యాంకే సుబ్బరత్నం గారూ. అందరూ ఒకే రోజు వచ్చి అడగరనే ధైర్యం మీదే నేనూ నడుస్తున్నా, మీరూ నడుస్తున్నారు."

"మరి అందరూ ఒకేరోజు వస్తే?"

"మా వెనక పెద్ద బ్యాంకు ఉంది. మీ వెనక ఎవరున్నారు?"

ఆమె దేవుడి పేరు చెప్పింది. ఆయన తల ఊపి ఫైలు తిప్పుకున్నాడు.

ఆ ఏడు మిరప ధర కూలిపోయింది. నిరుటి మిరప బస్తాలు, టిక్కీలే కోల్డు స్టోరేజీలో కదలకుండా ఉన్నాయి. కళ్ళాల్లో ఎర్రగా ఎండుతున్న కాయను చూసి మురిసేవాడు లేడు. మార్చి ఆఖరి వారం ఎరువుల కొట్టు అబ్దుల్ గఫార్ ఆమెను దారిలో ఆపాడు.

"అక్కా, వినుకొండలో ఒక బ్రాంచిలో మొన్న కట్టిన డబ్బులు ఇంకా తిరిగి రాలేదంట. ఏందో కొత్త రూలంట. రెండ్రోజులు సంచి ఇంట్లో పెట్టకూడదూ?"

"బ్యాంకులో పడ్డ డబ్బు యాడికి పోద్దిరా గఫారూ? పిచ్చోడా."

"పోదు లే. రావాలి గదా మరి."

మర్నాడు బ్యాంకులో ఆరుగురు ఆమె కోసం కాచుకుని ఉన్నారు. ముందు ఆంజనేయులు, రెండు లక్షల మనిషి. వెనక బెంజిమిన్, లక్షా ఇరవై. ఇంకో నలుగురివి కలిపి మూడు లక్షల ఎనభై. గడువు ఆ రోజే. సుబ్బరత్నానికి ఒక పద్ధతి ఉంది. ఒకరి డబ్బు తిరిగి సంచిలో పడ్డాకే రెండోవారికి తీస్తుంది. ఎంతమంది వేడుకున్నా ఆ పద్ధతి వదల్లేదు.

అమర్నాథ్ అద్దాల గదిలోంచి తనే లేచి వచ్చాడు. "సుబ్బరత్నం గారూ, ఇవాళ ఒక్కొక్కరిదీ అంటే కుదరదు. నెట్టు నత్తలా ఉంది. పొద్దున అన్నీ మూసేద్దాం. మధ్యాహ్నం అన్నీ ఒక్కసారే కొత్తగా తెరుద్దాం."

"ఎప్పుడూ అట్టా చెయ్యలేదు సార్."

"నామీద నమ్మకం లేదా?"

వెనక నుంచి ఆంజనేయులు అందుకున్నాడు. "పిన్నీ, గడువు దాటితే మా ఆడదాని హారం వేలానికి పోద్ది. నీకు తెలవని బాధా?"

ఆ మాట సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. ఆమె సంచి జిప్పు లాగింది. క్యాషియరు పద్నాలుగు కట్టలూ మిషనులో వేశాడు. మిషను గరగరలాడి ఆగేటప్పటికి సంచి మడత పడి ఆమె ఒళ్ళో తేలికగా వాలింది. వీరాంజనేయులు నగలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, ఎందుకో గీటురాయి మాత్రం సొరుగులోంచి తీయలేదు.

పన్నెండైంది. రెండైంది. ఫ్యాను కింద ఆరుగురూ గోడ గడియారం ముల్లు వంక చూస్తూ కూర్చున్నారు. మూడింటికి అమర్నాథ్ బయటికి వచ్చాడు. ఆమె ముఖం వైపు కాకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పాడు.

"పైనుంచి ఆర్డరు వచ్చింది. మూసిన అప్పును అదే నగ మీద వెంటనే తెరవకూడదు. రైతు సొంత ఆదాయంతో కట్టినట్టు రుజువుండాలి. కొత్త అప్పు జిల్లా ఆఫీసు చూసి ఇస్తుంది. ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

"మరి నా డబ్బు?"

"మీ డబ్బు అని మా దగ్గర ఏమీ లేదమ్మా. ఆంజనేయులు అప్పు ఆంజనేయులు కట్టాడు. బెంజిమిన్ అప్పు బెంజిమిన్ కట్టాడు. మీ పేరు మా కంప్యూటర్లో ఎక్కడా లేదు."

ఆయన ఆ ఆర్డరు ఆ మధ్యాహ్నమే చూశాడో, ముందు రోజే చూశాడో ఈనాటికీ తేలలేదు. వసూళ్ళలో ఆ బ్రాంచి జిల్లాలో మొదటిదని వారం తిరక్కుండా ఆయన బల్ల మీద ఒక జ్ఞాపిక వెలిసింది. అది మాత్రం ఊరంతా చూసింది.

అప్పు మూసుకుంది కాబట్టి నగలు ఆపే హక్కు బ్యాంకుకు లేదు. ఆరుగురి చేతికీ ఇచ్చేసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత బంగారం బ్యాంకు గడప దాటింది. వాళ్ళు మోసగాళ్ళు కారు. మెట్ల మీద ఆమె చుట్టూ మూగారు.

"పిన్నీ, పోనీ ఈ నగలు నీ దగ్గరే పెట్టుకో," అన్నాడు ఆంజనేయులు, హారం రుమాల్లో చుట్టి చాపుతూ.

వీరాంజనేయులు గుమ్మంలోంచి గొంతు తగ్గించి అన్నాడు. "తీసుకో రత్నమ్మా. నా మాట ఇను. తీసుకో."

సుబ్బరత్నం ఆ రుమాలు వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి సగం దూరంలోనే ఆగిపోయింది. "ఒకరి మెడలోది నా ఇంట్లో ఉండగూడదయ్యా. ఇంటికి తీసకపోండి. బ్యాంకు తెరిచాక డబ్బే ఇద్దురుగాని."

వారం గడిచినా బ్యాంకు తెరవలేదు. అంటే షట్టరు తెరిచేవారు, అప్పులు తెరవలేదు. కూలీల డబ్బు, కళ్ళం అద్దె, బడి ఫీజు నెత్తి మీదికొచ్చి కూర్చున్నాయి. ఆరుగురిలో ఐదుగురు ఒకరి వెనక ఒకరు నరసరావుపేట బస్సెక్కి ప్రైవేటు ఫైనాన్సులో, రెట్టింపు వడ్డీకి, అవే నగలు పెట్టుకున్నారు. వచ్చిన డబ్బు రోడ్డు దాటేలోపే ఖర్చయిపోయింది. సుబ్బరత్నం ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోవడం మొదలెట్టారు. గఫారు కొట్లో అరువు బంద్ అని అట్టముక్క వేలాడింది. పన్నెండేళ్ళు పద్నాలుగు కట్టలు తిరిగిన బజారులో మనుషులు మాత్రం తిరుగుతున్నారు.

ఎనిమిదో రోజు జైనాబ్ బీ వచ్చింది. డబ్బు అడగలేదు. అరుగు మీద కూర్చుని, దారం లేని సూది వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

"ఏంది జైనాబూ, మాట్లాడవు?"

"ఏం లేదక్కా. కాలేజీవాళ్ళు పదో తారీఖు అన్నారు. ఊరికే చెప్పా."

తొమ్మిదో రోజు ఆంజనేయులు వచ్చాడు. హారం తాకట్టు పెట్టలేదు, ఏకంగా అమ్మేశాడు. రెండు లక్షలు తెచ్చి ఆమె నులకమంచం మీద పెట్టాడు. "నా పెళ్ళాం నాతో మాట్లాడటం లేదు పిన్నీ. పర్లేదు. నీది మాత్రం నీకు చేరింది."

అతడు వీధి చివరి మలుపు తిరిగాడో లేదో తొమ్మిదిమంది ఆడవాళ్ళూ వచ్చేశారు. ఎవరు చెప్పారో తెలియదు. డబ్బు వాసన పసిగట్టడంలో ఈపూరు ఆడవాళ్ళ ముందు పోలీసు కుక్కలు దిగదుడుపేనంటారు గానీ, ఆ రోజు ఎవరూ నవ్వే ముఖాలతో రాలేదు.

సుబ్బరత్నం మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఐదున్నరకు రెండు. వేళ్ళ మీద లెక్క వేసింది. "రూపాయికి ముప్పయ్యారు పైసలు వస్తాయి. అందరికీ ఒకటే వాటా. ఎక్కువా లేదు, తక్కువా లేదు."

రామాయమ్మ ముందుకొచ్చింది. "ఏమే రత్నం, పంచుతున్నావా?"

"పంచుతున్నా అత్తా."

"పంచొద్దు. అడిగినోళ్ళకి మొత్తం ఇయ్యి, లేకపోతే సంచిలోనే ఉంచు. ముక్కలు చేశావంటే మిగతాది రాదని నీ నోటితో నువ్వే చెప్పినట్టు."

"ముందొచ్చినోళ్ళకి మొత్తమిస్తే ఎనకొచ్చినోళ్ళ గతేంది? జైనాబు పిల్ల చదువేంది?"

"నేను ముందొచ్చా."

ఆ మాటకు గుంపులో ఒక కదలిక పుట్టింది. అప్పటిదాకా పక్కపక్కన నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు కొలుచుకోవడం మొదలెట్టారు. మంచం అంచు దాకా ఎన్ని చేతులు వచ్చాయో సుబ్బరత్నం చూసింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆ చేతులు నోట్ల మీద కాక జుట్ల మీద పడతాయని తెలిసిపోయింది. తలెత్తకుండా లెక్కపెట్టడం మొదలెట్టింది. జైనాబ్ బీ ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు తీసుకుంది. థాంక్స్ అనలేదు, తిట్టలేదు. ఒకరి తర్వాత ఒకరు తీసుకుని, లెక్క చూసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళారు. చిల్లర రెండు వేలు పక్కన పెడితే, మంచం మీద యాభై నాలుగు వేలు మిగిలాయి.

"నీ వాటా అత్తా."

రామాయమ్మ ఆ నోట్లు ముట్టుకోలేదు. చెప్పులు గడప బయట విడిచి, లోపలికి వచ్చి, మంచం మీద ఆ డబ్బు పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కొంగులోంచి వక్క తీసి నోట్లో వేసుకుంది.

"లక్షన్నరా చేతిలో పడ్డదాకా నేను ఇక్కడి నుంచి కదలను. నా దుప్పటి మా పిల్ల తెచ్చిద్ది. రేపటి నుంచి మిగతావాళ్ళు గూడా వస్తారు, చూడు. ముప్పయ్యారు పైసలు తీసుకుని ఎవరూ ఊరుకోరు."

సుబ్బరత్నం ఆ నోట్లు సర్ది, రబ్బరు బ్యాండు వేసి, అక్కడే ఉంచింది.

"ఇంతకీ అన్నం నువ్వు వండుతావా, నన్ను వండమంటావా?"

సుబ్బరత్నం లేచి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలో బియ్యం అడుగున ఉన్నాయి. ఎంతమందికి పొయ్యాలో తేల్చుకోలేక, గిద్ద చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. బయట వీధిలో ఎవరో మంచం ఈడ్చుకొస్తున్న చప్పుడు ఆమె గుమ్మం వైపే వస్తోంది.