గంగారత్నం సర్దుకున్న పెట్టె

అరబ్బు దేశంలో, మిష్రిఫ్ అనే పేటలో ఒక విల్లాలో వంట చేసే గంగారత్నం దేన్నీ ఊరికే నమ్మదు. పాల డబ్బా మీద తేదీ చూశాక కూడా మూత తీసి వాసన చూస్తుంది. గ్యాస్ కట్టేసి గది దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి పొయ్యి మీద అరచెయ్యి ఆనిస్తుంది. పనివాళ్ళంతా 'మామా' అని పిలిచే యజమానురాలు నవ్వితే, ఎందుకు నవ్విందా అని సాయంత్రం దాకా ఆలోచిస్తుంది. అలాంటి మనిషితో మామా, కంబోడియాలో ఖ్మేర్ రాజులు కట్టించిన పాత గుళ్ళు చూడబోతున్నామనీ, గైడు నాలుగైదు రోజులు తిప్పుతాడనీ, తన తల్లిని చూసుకోవడానికి నువ్వూ రావాలనీ చెప్పి, పనిలో చేరిన రోజున తీసుకుని బీరువాలో దాచిన ఆమె పాస్‌పోర్టు తీసి చేతికిచ్చింది. గంగారత్నానికి తెలిసి, ఆ వీధిలో పాస్‌పోర్టు పనిమనిషి చేతికొచ్చేది పని ఖలాస్ అయినప్పుడే.

"గుళ్ళు సూడ్డానికి ఈళ్ళెందుకెళ్తారు రజియమ్మా? నన్ను ఇంటికి పంపేత్తన్నారు. ఆ మాట మొకమ్మీద సెప్పలేక ఈ యాత్ర," అంది పక్క విల్లాలో పనిచేసే రాయచోటి రజియా బీతో.

"రానూపోనూ టికెట్టు చూసినావా అక్కా?"

"సూపిచ్చారు. కాగితానికేముంది, ఎలాగైనా తీత్తారు."

ప్రయాణం రోజున డ్రైవరు ఆమె పెట్టె ఎత్తలేకపోయాడు. మామా జిప్పు లాగి చూసింది. దుప్పటి, ఆవకాయ సీసా, చలికోటు, గదిలో గోడకుండే వెంకన్న పటం. ఆవిడ ముఖం మారిపోయింది. నాలుగు రోజులకు ఇవన్నీ ఎందుకు, అక్కడ పారిపోదామనా అని అరబ్బీలో అరుస్తూ పాస్‌పోర్టు లాక్కుని తన సంచిలో వేసుకుంది.

గంగారత్నం గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. గదిలోకి వెళ్ళి, పటాన్ని మళ్ళీ మేకుకు తగిలించి వచ్చి కారెక్కింది.