తెర మీద నుంచి పోయిన పేరు

హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. మా ఊరు ధర్మవరం, రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ణి. ఎమర్జెన్సీ బయట హాల్లో ఒక పెద్ద తెర పెట్టించాను. రోగుల వివరాలుండే డేటాబేసును మాటిమాటికీ అడగక్కర్లేదు. 'ఇప్పుడు ఇక్కడ చికిత్సలో ఎవరున్నారు?' అని ఒక్కసారి అడిగిపెడితే చాలు, జవాబు మారినప్పుడల్లా అదే కబురు పంపుతుంది. లోపల నర్సు కంప్యూటర్లో నొక్కగానే బయట తెర మీది పేర్లు మారిపోతాయి.

చనిపోయినవాళ్ల సంగతి మాత్రం తెర మీద రాకూడదని మేనేజరు పట్టుబట్టాడు. నాకూ సబబే అనిపించింది. మా వైపు చావు కబురు ఎవరూ నేరుగా చెప్పరు. సీరియస్‌గా ఉంది, పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నాం అంటారు. మిగతాది వినేవాళ్లే అర్థం చేసుకోవాలి. అందుకని ఇక్కడ చికిత్స ముగిస్తే, కారణం ఏదైనా సరే, పేరు పోయేట్టు ప్రోగ్రాం రాశాను.

ఒక మధ్యాహ్నం పెనుకొండ దగ్గరి పల్లె నుంచి మా మేనమామనే ఆటోలో తెచ్చారు. పొలం గట్టు తగాదాలో మెడ మీద కొడవలి వేటు పడింది. నరికినవాడికీ తల పగిలింది, వాణ్ణీ అక్కడికే తెచ్చారు. రెండు వైపులవాళ్లూ ఒకే హాల్లో, చెరో గోడకు. వాడి నాయన, ముసలాయన, తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని తెరనే చూస్తున్నాడు. మా చిన్నమామ చొక్కా మీద అన్న నెత్తురు ఇంకా ఆరలేదు.

ఉన్నట్టుండి తెర మీద మామ పేరు లేదు.

చిన్నమామ లేచాడు. "అన్న పేరు తీసేసినారు," అన్నాడు.

నేను గబగబా ఫోన్లో ఆసుపత్రి రికార్డు చూశాను. వెనక గేటు దగ్గర మామను అంబులెన్సు ఎక్కిస్తున్నట్టు ఉంది. చిన్నమామ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "బతికే ఉండాడు చిన్నమామా, పుట్టపర్తి పెద్దాసుపత్రికి తీసకపోతాండారు."

"ఎవురు సచ్చినా ఇట్లనే చెప్తారు లేరా," అని విదిలించుకున్నాడు.

అతను ఎత్తిన సెలైన్ స్టాండు ఇనపది. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు, ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బ నెత్తిన పడింది. ఇక హాలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. కుర్చీలు విరిగాయి. అద్దం తలుపు పగిలి ఒకావిడ కాళ్లు కోసుకుపోయాయి. అడ్డం పోయిన నాకు పన్ను ఊడింది. నిజం చెబితే నమ్మని ఆ మొండిమనిషి మీద నాకు ఈరోజుకీ కోపం తగ్గలేదు.

పోలీసులు వచ్చేలోపే తెర మీద కొత్త పేరు వచ్చింది. ముసలాయనది. నెత్తురు ఉమ్ముకుంటూ దాని ముందే నిలబడ్డాను.

సాయంత్రం పుట్టపర్తి నుంచి ఫోను వచ్చింది, మామ కళ్లు తెరిచాడని. ఆ మాట వింటూ ఉండగానే ముసలాయన పేరు పోయింది. ఆయన్నీ తీసుకుపోతున్నారేమోనని వెనక గేటుకు పరిగెత్తాను. అక్కడ అంబులెన్సు లేదు.