రాయితో తోముకున్న వేళ్లు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు. బ్యాంకులో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను కొల్లాపూర్ దాటాక అడవి అంచున ఉన్న చిన్న బ్రాంచిలో ఆఫీసర్‌ని. భర్త, కూతురు గద్వాలలో ఉండేవారు. బదిలీ అడిగితే మూడుసార్లు కుదరదన్నారు. రోజూ పొద్దున్నే ఫోనులో మీటింగ్. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మనివాళ్ల పేర్లు పై ఆఫీసరు అందరూ వినేలా చదివేవాడు. నా పేరు తప్పకుండా ఉండేది. ఎవరికి అమ్మను? కట్టెలు కొట్టుకుని బతికేవాళ్లకా? సెలవు నా చేతిలో లేదు, ఊరు నా చేతిలో లేదు, చివరికి అన్నం డబ్బా ఎప్పుడు విప్పాలో కూడా నా చేతిలో లేదు. సాకులు చెబుతున్నానా? ఏమో. నన్ను నేనూ అదే అడుగుతుంటాను.

కూతురి స్కూల్లో డ్యాన్స్ ఉందని అడిగిన ఒక్క రోజు సెలవు కూడా పై ఆఫీసరు ఇవ్వనన్న రోజు అది. ఏడుపు ఆపుకుని కౌంటర్లో కూర్చున్నాను. ఈదమ్మ వచ్చింది.

ఈదమ్మ చెంచు ముసలామె. అడవి లోపలి పెంటలో ఉంటుంది; చెంచులు తమ చిన్న గూడేన్ని పెంట అంటారు. గడ్డలు తవ్వి, జిగురు ఏరి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఉపాధి కూలి ఖాతాలో పడింది. వానలు ముదరకముందే గుడిసెకు రేకులు కొనుక్కోవాలి. వేలిముద్ర మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడక ఎర్ర లైటే వెలుగుతోంది.

ఇలాంటివాళ్లకు వేరే దారి ఉంది. కాగితం మీద సిరాతో వేలిముద్ర వేయించుకుని, మనిషి ఫలానా అని తెలిసిన ఇద్దరు సాక్షి సంతకం పెడితే చాలు. పది నిమిషాల పని. అంతకుముందు ఎందరికో చేశాను కూడా.

ఆమెకు చేయలేదు. వేళ్లు బాగా తోముకుని రేపు రమ్మన్నాను. తల ఊపి వెళ్లిపోయింది.

పని ఎక్కువై అలా అన్నానా? లేదు, కౌంటర్ ఖాళీగానే ఉంది. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. పొద్దున్నుంచి అందరి మాటకూ తల వంచిన నేను ఒక్క మాటంటే ఒక మనిషి వెనక్కి తిరిగి పోయింది. ఆ హాయి ఇంకోసారి కావాలనిపించింది. అందుకే మర్నాడు కూడా అదే మాట చెప్పి పంపాను. సిగ్గుగా ఉంది, కానీ జరిగింది ఇదే.

మూడో రోజు వానలో తడుస్తూ వచ్చింది. చేయి చాపింది. వేళ్ల కొసల తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఏందిది?" అన్నాను.

"నువ్వే తోముకోమంటివి గద బిడ్డా. బండకేసి తోమిన. జర సూడు, ఇప్పుడన్న పడ్తదేమో."

వెంటనే కాగితం తీశాను. పుండు కాని వేలు వెతికి ముద్ర వేయించాను, సాక్షుల సంతకాలు పెట్టించాను, డబ్బు ఇచ్చాను. ఆమె మొహం విప్పారింది.

"తోమినంకనే పడ్డది గదా, మేడమ్?"

నిజం చెప్పడానికి అదే సమయం. మొదటిరోజే ఇవ్వగలిగేదాన్నమ్మా అంటే సరిపోయేది. తిట్టేదేమో, నలుగురిలో పరువు పోయేదేమో.

"అవునమ్మా," అన్నాను.

నా తల నిమిరి, "సల్లగుండు" అని వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత అదే పెంట నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మిషన్ దగ్గరికి పోకముందే చేతులు నా ముందు చాపారు. ఇద్దరి వేళ్లూ చీరుకుపోయి ఉన్నాయి. బండకేసి తోముకుంటే డబ్బులు వస్తాయని ఈదమ్మ చెప్పిందట.

అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. కూర్చోమని చెప్పి కాగితాలు తీశాను. తర్వాత ఏడాదికి గద్వాలకు బదిలీ వచ్చింది, వచ్చేశాను. ఆ పెంటలో ఇంకా ఎవరైనా బ్యాంకుకు బయలుదేరేముందు వేళ్లు బండకేసి రుద్దుకుంటున్నారేమో నాకు తెలియదు. వాళ్లకు ఆ పని నేర్పింది నేను.