ఇలకోడి గొంతు ఎన్ని గొలుసులు?

ఈ ఏడు కొత్త చింతపండు మూడు కిలోలు తెప్పించి, వరండాలో పాత దినపత్రికల మీద పరుచుకుని, పీచు లాగి గింజలు తీస్తున్నాను. ఆ పుల్లటి వాసన తగిలితే నాకు నోట్లో నీళ్లూరడం కంటే ముందు చెవుల్లో హోరు మొదలవుతుంది. చెవి జబ్బేమో అని డాక్టరు పరీక్ష చేసి, ఏమీ లేదన్నాడు. అది మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఉండిన చింతతోపు హోరు.

అది 1946 వేసవి. నాకు పదేళ్లు నిండి రెండు నెలలు. మా నాయన సర్వేలో గొలుసు పట్టే మనిషి. భూమిని కొలిచే ఆ ఇనుప గొలుసు పొడవు అరవై ఆరు అడుగులు. అట్లాంటివి ఎనభై అయితే మైలు. కుప్పంలో నాలుగు నెలలు, పుంగనూరులో ఏడు నెలలు, ఎక్కడ కొలత పని ఉంటే అక్కడికి మా కాపురం బండెక్కేది. నా నడకలో నలభై అంగలు ఒక గొలుసని నాయన నేర్పినప్పటి నుంచి నేను కొలవని వస్తువు లేదు. తోటిపిల్లలు మామిడిపిందెలకు ఉప్పూకారం అద్దుకు తింటూ అచ్చనగాయలు ఆడుకుంటుంటే, నేను జంతువుల గొంతులు కొలిచేదాన్ని. అరిచే జంతువు దగ్గర మొదలుపెట్టి, దాని అరుపు వినబడనంత దూరం నడిచి, అంగలను నలభైతో భాగించి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. కుప్పం చాకిరేవులో గాడిద యాభై రెండు గొలుసులు. పుంగనూరు గుట్ట మీది నెమలి నలభై ఒకటి. తొలివాన పడిన పొద్దున, ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు మారి, గుంటలో కూర్చుని అరిచే బోదురుకప్ప ముప్పై. కప్ప అంకె వేసిన ప్రతిసారీ, దోసిలికి సరిపోయే ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాగి ఉందా అని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయేదాన్ని. మా ఆవు గొంతు మాత్రం పదహారే. అది పుంగనూరు ఆవు, నా భుజమంత ఎత్తు కూడా లేదు.

ఆ వేసవిలో మా కాపురం ఆ చింతతోపు పక్కనే, గుట్టల కింద. ఆవు నిండుచూలు. కాన్పు తర్వాత వచ్చిన జ్వరంతో అమ్మకు పాలు ఇంకిపోయాయి. నాలుగు నెలల తమ్ముడికి రాగిగంజి తేట పోస్తున్నారు. వాడికి ఏడిచే ఓపిక కూడా తగ్గిపోయింది. ఆవు ఈనితేనే వాడికి పాలు. అట్లాంటిది ఒక మిట్టమధ్యాహ్నం ఆవు తాడు తెంచుకుని పోయింది. ఈనే ముందు ఆవు మరుగు వెతుక్కుంటుంది. ఆ గుట్టల్లో చిరుతపులి తిరుగుతున్నదని అందరికీ తెలుసు.

నాయనా నేనూ తోపు దగ్గరికి పరుగెత్తాం. ఇలకోళ్లు అరుస్తున్నాయి. ఇలకోడి నా బొటనవేలంత కూడా లేని పురుగు. అద్దం లాంటి రెక్కలు ముడుచుకుని చింతబెరడులో కలిసిపోయి ఉంటుంది. ఎండ ముదిరే కొద్దీ ఒకటి మొదలుపెడితే పక్కది అందుకుని, వందలు, వేలు కలిసి, కంచుపళ్లేన్ని ఇసుకతో తోముతున్నట్టు, ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా మోగేవి. నా పళ్లు జివ్వుమన్నాయి. నాయన పెదవులు కదలడం కనబడింది గానీ మాట నాదాకా రాలేదు.

రెండు వందలు లెక్కపెట్టే దాకా చెవులు రిక్కించాను. ఆవు అరుపు లేదు. ఆవు గొంతు పదహారు గొలుసులు. తోపు ఈ కొస నుంచి ఆ కొసకు పన్నెండు. లెక్క తేలిపోయింది. నాయన చెవిలో అరిచాను.

"ఈడ లేదు నాయనా! ఉంటే ఇనపడాల."

నా అంకెల మీద నాయనకు నమ్మకం. "అట్లయితే వంకకాడ సూద్దాం పా" అన్నాడు.

వంక మైలు దూరం. కాలే ఇసుకలో గంటసేపు వెతికాం. అక్కడ కానుగచెట్టు నీడలో పశువులు కాసే ముసలాయన మునెప్ప కూర్చుని ఉన్నాడు.

"తోపులో సూస్తివాప్పా?" అని నాయనను అడిగాడు.

"ఆడ లేదంట. పాప లెక్కేసింది."

మునెప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, ఇలకోళ్లను గూడా లెక్కలో ఏస్తివా?" అని కర్ర అందుకుని లేచాడు.

తోపు నడిమికి పోయి, ఒక చెట్టు బోదెను కర్రతో మూడు దెబ్బలు కొట్టాడు. ఆ చెట్టు నోరు మూసుకుంది. దాన్ని విని పక్క చెట్టు, ఆ పక్కది, వరసగా దీపాలు ఆర్పుకుంటూ పోయినట్టు తోపంతా ఆగిపోయింది. అంత పెద్ద మోత ఆగితే వచ్చే నిశ్శబ్దం నేను అంతకుముందు ఎరగను.

"పది లెక్కబెట్టేంత సేపే. ఊపిరి బిగబట్టండి" అన్నాడు మునెప్ప.

ఏడో లెక్కలో సన్నగా, బొంగురుగా ఒక అరుపు వచ్చింది. ఆ వైపు పరుగెత్తినా అంగలు లెక్కపెట్టాను. నూట పన్నెండు. మూడు గొలుసులు కూడా లేదు.

పొదచాటున ఆవు పడుకుని ఉంది. దూడ ముందుకాళ్లు మాత్రం బయటికి వచ్చి ఇరుక్కుపోయాయి. మునెప్పా నాయనా పట్టి లాగారు. దూడ నేల మీద పడి, కాసేపు కదలక, తర్వాత తుమ్మింది.

"ఇంగ అరగంటయింటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అన్నాడు మునెప్ప చేతులు మట్టికి రుద్దుకుంటూ.

నాకు ఏడుపొచ్చింది. నాయన తలపాగా కొంగుతో నా మొహం తుడిచి, "నీ అంకె నిజమే పాపా. అది తెల్లారి, అంతా సద్దు లేనప్పుడు కొలిసింది గదా" అన్నాడు. అప్పటికే తోపు మళ్లీ మొదలైంది. నా పక్కనున్న బోదె మీదే ఒక ఇలకోడి కనబడింది. దాని పొట్ట అదురుతూ ఉంది. నా గోరు కింద నలిగిపోయే ఆ పురుగు, తన తోటివాటితో కలిసి, ఒక ఆవు గొంతును మూడు గొలుసుల లోపలే మింగేసింది. దాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

జున్నుపాలు అయిపోయి, ఆరో రోజున తమ్ముడు కడుపునిండా పాలు తాగాడు. ఎనిమిదో రోజున వాడు పెట్టిన ఏడుపుకు పక్కింటివాళ్లు వచ్చి చూసిపోయారు.

తోపు ఉన్నచోట ఇప్పుడు లారీషెడ్లు, ఇటుకల గోడౌను, ఒక కల్యాణమండపం. బోదెను కొట్టి చెవి పెట్టే మనుషులు పోయారు, కొలిచే గొలుసులు పోయాయి. రోడ్డువారగా రెండు చింతచెట్లు మిగిలాయి. ఈ ఏప్రిల్లో ఆటో మాట్లాడుకుని పోయి, వాటి కింద, తెరిపి లేని లారీల మోతలో, పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా నిలబడ్డాను. తారీఖు వేసి, "ఇలకోడి: వినబడలేదు" అని రాసుకున్నాను.

"యాడుండాయమ్మా ఇంగ? లేవని రాసుకోండి" అన్నాడు నా పుస్తకంలోకి తొంగిచూసిన ఆటో ఆయన.

అట్లా రాయాలంటే ముందు లారీలు ఆగాలి.