బ్లోయర్‌లో అక్షింత

2019 మే నెల. ఆమదాలవలసలో మా కారు ఏసీ షెడ్డు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళు. మా ఆయన పోయాక పానా నేనే పట్టాను.

నౌపడ వైపు నుంచి అప్పలనాయుడనే రైతు పాత కారు తెచ్చాడు. వెనక సీట్లో భార్య రమణమ్మ. ఆమెకి వారానికి రెండుసార్లు శ్రీకాకుళంలో డయాలసిస్.

"ఏసీ ఆన్ అవుతాది గానీ గాలి రాట్నేదమ్మా. దీనికేమో డాక్టర్లు నీళ్ళు కొలిచి తాగమన్నారు. సల్లగాలైనా నేకపోతే దాహానికి ఆగలేకపోతంది," అన్నాడు.

గ్యాస్ సరిపడా ఉంది. కంప్రెసర్ తిరుగుతోంది. అంటే చల్లదనం పుడుతోంది, దాన్ని బయటికి తోసేదే లేదు. ఆ పని బ్లోయర్‌ది, డాష్‌బోర్డు కింద ఉండే చిన్న పంకాది. విప్పితే అందులో ఎలుక గూడు. గడ్డిపోచలు, దూది, వాటి మధ్య పసుపు బియ్యం.

ఆస్పత్రికి బయల్దేరిన ప్రతిసారీ రమణమ్మ కారు అద్దం మీద అక్షింతలు వేసేదట. వైపర్ల కింద బయటిగాలి పీల్చే జాలీ ఉంటుంది, కౌల్ అంటాం. ఆ పాత మోడల్‌లో దాని వెనక ఫిల్టర్ లేదు. గింజలు తిన్నగా బ్లోయర్‌లోకి జారాయి. అక్షింతల్లో కలిపిన నేతివాసనకి ఎలుక వచ్చింది.

"ఒసే, ఎలకలకి సంతర్పణ సేసినావే!" అన్నాడు నాయుడు.

"నీకోసమే ఏసినాను. బండి నడిపేది నువ్వు కాదేటి?" అందామె.

"ఇకమీదట ఆయన నెత్తిన వెయ్యమ్మా, బండి మీద వద్దు," అన్నాను. ఒక్క గింజ మిగలకుండా ఊడ్చి బిగించాను. గాలి రాగానే ఆమె వెంట్ దగ్గర మొహం పెట్టి కళ్ళు మూసుకుంది.

అక్టోబరులో నాయుడు ఒక్కడే వచ్చాడు. వెనక సీట్లో ఆమె తువ్వాలు మడతపెట్టి ఉంది.

"పెద్దకర్మ కూడా అయిపోనాదమ్మా," అన్నాడు. ఏసీ ఆన్ చేసి, "గాలి బాగానే వస్తాది. టిక్కు టిక్కుమని సప్పుడు," అన్నాడు.

చెవి పెట్టి విన్నాను. "పంకా గూట్లో అక్షింత గింజ తిరుగుతోంది," అన్నాను.

"నువ్వొద్దన్నాక మానేసిందనుకున్నాను. నాకు తెలీకుండా బండి మీదే ఏసింది," అన్నాడు.

"చిటికెలో తీసేస్తాను," అని స్క్రూడ్రైవర్ అందుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"తీయించుకోడానికి రాలేదమ్మా. అదలా ఉంటే మోటారుకి ఏటైనా అవుతాదా? అదడగడానికే వచ్చినాను."

"ఒక్క గింజకి ఏమీ కాదు."

"అయితే ఉండనీ."

చప్పుడు పోతేనే పని అయినట్టని మా ఆయన నేర్పాడు. ఇప్పుడు నేను ఏ బండిలోంచి ఏది తీసే ముందైనా ఒక మాట అడుగుతాను, ఇది తీసెయ్యమంటారా, ఉండనివ్వమంటారా అని.