టర్కీ కోడి పొట్టలోకి నా బేరం

మలక్‌పేటలో మా పప్పుల దుకాణం పక్కిల్లే జోసెఫ్‌ది. రైల్వేలో ఫిట్టరు. ఈ క్రిస్మస్‌కు టర్కీ కోడి పొట్టలో కూరే మాంసం తానే చేస్తానని అత్తగారి దగ్గర కోతలు కోశాడు. ఆవిడ ఒకప్పుడు దొరల బంగళాలో వంటమనిషి. "కుదరకపోతే మళ్లా నా వంటింట్ల అడుగుపెట్టకు" అందట. సరుకులు కొనడానికి నన్ను తోడు పిలిచాడు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. అయినా బేరం అనేసరికి చెప్పులు వేసుకున్నాను.

పండగ ముందురోజు ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కాం. చార్మినార్ దగ్గర దిగి ఖుబానీలు, అదే ఎండు ఆప్రికాట్లు, కిస్మిస్ కొన్నాం. రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు మెట్లు దిగాను. దుకాణదారు రెండుసార్లూ వెనక్కి పిలిచాడు. అదే ఊపులో శాలిబండ మాంసం కొట్టుకు నడిచాం.

"కొవ్వంతా తీసి తూకం వెయ్" అన్నాను, మొహం పక్కకు తిప్పుకునే.

"చర్బీ లేకుంటే కైమా ఎండిపోతది సేట్" అన్నాడు కొట్టాయన.

పొట్టు ఉంటేనే పప్పుకు బలమని మేమూ గిరాకీలకు చెప్పేదే కదా! నా దగ్గరా ఈ మాటలు? తెల్ల ముక్క ఒక్కటీ లేకుండా ఏరించాను. జోసెఫ్ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశాడు.

పదకొండింటికి రిక్షాలో జహనుమా, అత్తగారిల్లు చేరాం. జోసెఫ్ కైమాలో నానిన ఖుబానీ ముక్కలు, కిస్మిస్, ఆపిల్, ఉల్లి, పుదీనా, రొట్టెపొడి, మిరియాలు కలిపాడు. అత్తగారు ఏలీశమ్మ చిన్న ఉండ చేసి పెనం మీద వేయించి నోట్లో వేసుకుంది.

"ఏందిది అల్లుడా? ఇసుక నమిలినట్టుంది. చర్బీ ఏది?"

జోసెఫ్ మళ్లీ నావైపు చూశాడు. ఈసారి దేవుణ్ణి చూసినట్టు కాదు.

"నేనే తీయించిన అమ్మా" అన్నాను.

"నువ్వు పప్పులమ్ముకో సేటూ."

మళ్లీ రిక్షా, మళ్లీ శాలిబండ. కొట్టాయన నన్ను చూసి కత్తి కింద పెట్టి మరీ నవ్వాడు. "చర్బీకి వచ్చినవా సేట్? ఇప్పుడు ధర నాది!" బేరమాడకుండా అడిగినంత ఇచ్చాను. బుద్ధెరిగాక అదే మొదటిసారి. పొట్లం ఒళ్లో పెట్టుకుని తిరిగి వెళ్లాను.

జోసెఫ్ కొవ్వు సన్నగా తరిగి కలిపాడు. రెండో ఉండ నమిలి ఏలీశమ్మ ఇంకొకటి పెనం మీద వేసింది. అదీ తిన్నాక సూదిలో దారం ఎక్కించి అల్లుడి చేతికిచ్చింది.

"కూరి కుట్టు. గట్టిగ నింపకు, ఉబ్బుతది. రేపు పొద్దుగాల పొయ్యి కూడ నువ్వే ముట్టియ్."

నాకు రెండు అరటిపండ్లు పెట్టి పంపింది. ఐదింటి బస్సులో ఒక్కణ్ణే బయలుదేరాను. అటు వెళ్లేవాళ్లకు నా సలహా: ఖుబానీల దగ్గర ఎంతసేపైనా బేరమాడండి, మాంసం కొట్లో మాత్రం వాళ్లు చెప్పింది వినండి. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను గానీ పంచెకు అంటిన కొవ్వు మరక సంగతి తోచలేదు. పక్క సీటు పెద్దాయన ముక్కు మూసుకున్నాడు.

"ఏంది భాయ్, బస్సుల గీ గోష్ వాసన?"

నేనూ ముక్కు మూసుకుని బస్సంతా కలియజూశాను.