ముప్ఫై మీటర్ల వాచీ

ఈ ఉదయం రాజమండ్రిలో మా షాపు తెరిచి దేవుడి పటానికి అగరొత్తి వెలిగించానో లేదో, ఒకాయన స్టీలు చైను వాచీ ఒకటి తెచ్చి, శుభ్రం చేసి ఉంచమని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. చైను సందుల్లో ఎండిపోయిన బురద. బ్రష్షు తడిపి రుద్దగానే గుప్పుమని వాసన లేచింది. ఉప్పునీటి చెరువు, రొయ్యల మేత, ఎండకు మగ్గిన నాచు, అన్నీ కలిసిన వాసన. మా షాపులో పనిచేసే అమ్మాయి ముక్కు మూసుకుని అవతలికి పోయింది. నాకు మాత్రం కామేశ్వరి గారు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. గురువు జ్ఞాపకం ఒక్కొక్కరికి మల్లెపూల వాసనతోనో, కొత్త పుస్తకాల వాసనతోనో వస్తుందట. నాకు రొయ్యల చెరువు వాసనతో వస్తుంది. ఏం చేస్తాం, నా ప్రాప్తం.

కామేశ్వరి గారు భీమవరంలో ఖరీదైన చేతి గడియారాల షాపు నడిపేవారు. కోనసీమలో పుట్టి, ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పి, భర్త పోయాక ఆయన కుర్చీలో వచ్చి కూర్చున్నారు. బడిపంతులమ్మకు ఫారిన్ వాచీల సంగతి ఏం తెలుసని బజారంతా నవ్వుకుందట. నేను వీరవాసరం నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి ఆ షాపులో సేల్స్ చూసేదాన్ని. డిగ్రీ పాసయ్యానన్న పొగరు ఒకటి, మాటకారినన్న పొగరు ఇంకొకటి, రెండూ దండిగా ఉండేవి. చేరిన రోజున ఆవిడ నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు.

"వాచీ కొనడానికి మనిషి వచ్చేడు. ముందు ఏం అడుగుతావమ్మా?"

"బడ్జెట్ ఎంతో అడుగుతానండి" అన్నాను టక్కున.

"అది ఆఖర్న అడుగు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తారో, అది అడుగు ముందు."

అదేం పద్ధతో నాకు అర్థం కాలేదు. ఆవిడ నిజంగానే అలాగే చేసేవారు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, రోజు గడిచే తీరంతా చెప్పించేవారు. అద్దాల పెట్టె తెరవడం ఆ తరువాతే. ఒకసారి ఒక లాయరు గారు వచ్చి, ఎక్కడికైనా పెట్టుకెళ్ళే మంచి వాచీ ఒకటి చాలు, జీవితంలో ఇంక కొననన్నారు. తోలు పట్టా వాచీ మీద మనసు పడ్డారు. "కోర్టుకి వెళ్ళేముందు ఏం చేస్తారండి?" అని అడిగారు మేడంగారు. పూజ అన్నారాయన. "అభిషేకం మీ చేత్తోనే చేస్తారా? వాచీ తీసే చేస్తారా?" అన్నారు. ఆయన తెల్లబోయి, చేత్తోనేననీ, తియ్యడం గుర్తుండదనీ ఒప్పుకున్నారు. "అయితే తోలుపట్టా వద్దండి. పాలూ తేనే పట్టి వారం తిరక్కుండా చీమలు పడతాయి" అన్నారు. ఆయన స్టీలు చైనుది తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళారు.

పెళ్ళిలో అల్లుడికి వాచీ పెట్టడం మా వైపు ఆనవాయితీ కదా. మామగార్లు అల్లుణ్ణి వెంటబెట్టుకోకుండా వచ్చి, ఉన్నవాటిలో బాగా మెరిసేది తియ్యమనేవారు. "అల్లుడుగారి చెయ్యి తీసుకురండి" అనేవారు మేడంగారు. "చెయ్యి ఒక్కటీ ఎలా వస్తుందండీ?" అని ఒక పెద్దాయన వెటకారమాడితే, "అయితే మనిషిని కూడా తీసుకురండి, మజ్జిగ ఇస్తాం" అన్నారు. రోజూ పెట్టుకునే వాచీ మణికట్టు ఎముక దాటకూడదనీ, చొక్కా కఫ్ కింద ఇమిడిపోవాలనీ, కళ్ళజోడు లేకపోయినా టైము కనపడాలనీ ఆవిడ లెక్క. చెరువు గట్టు మీదా, బ్యాంకులోనూ, పెళ్ళి పందిట్లోనూ ఒకే వాచీ అమరాలి. "అంత పోసి కొన్నది బీరువాలో పడుకుంటే దానికీ సుఖం లేదు, మనకీ లేదు" అనేవారు. నేను తల ఊపేదాన్ని. వినేదాన్ని మాత్రం కాదు.

ఒకనాడు మేడంగారు బంధువుల ఇంట్లో ఉపనయనానికని అమలాపురం వెళ్ళారు. షాపు నా మీద వదిలేశారు. ఆ రోజే మొగల్తూరు నుంచి సూర్యనారాయణ రాజు గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, ఎండకు నల్లబడ్డ చేతులు. వరసగా మూడు పంటలు రొయ్యకు తెగులొచ్చి పోయాక ఈసారి పంట చేతికొచ్చిందట. తన కోసం తాను ఖరీదైన వస్తువు కొనుక్కోవడం అదే మొదటిసారని, అది కూడా భార్య పోరు పడలేక వచ్చానని, చిన్నపిల్లాడిలా సిగ్గుపడుతూ చెప్పారు. నాకు ముచ్చటేసింది. ఆయన చూపు పల్చటి డయలు, గోధుమరంగు తోలు పట్టా ఉన్న వాచీ మీద ఆగింది.

"రోజూ పెట్టుకోవాలండి. నాది చెరువు పని. నీళ్ళు తగిలితే పర్లేదా అండి?" అన్నారు.

నేను వాచీ వెనక్కి తిప్పి చూశాను. ముప్ఫై మీటర్లని చెక్కి ఉంది. "మీ చెరువు ఎంత లోతండి?" అని అడిగాను.

"ఐదడుగులండి."

"అబ్బే, ఇది ముప్ఫై మీటర్లు ఆగుతుందండి. మీ చెరువు కింద ఇంకో పదిహేను చెరువులు తవ్వుకున్నా దీనికేం కాదు!"

ఆయన పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ సాయంత్రం బండిలో కూర్చుని మేడంగారికి ఫోన్ చేసి, ఒక్కదాన్నే ఎంత పెద్ద వాచీ అమ్మానో గొప్పలు చెప్పుకున్నాను కూడా.

మూడు వారాలకు ఆయన తిరిగి వచ్చారు. వాచీ అద్దం లోపల ఆవిరి పట్టి ముల్లు కనిపించడం లేదు. పట్టా ఉబ్బి, కంపు కొడుతోంది. షాపులో అప్పటికే జనం ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు మొగల్తూరు వాళ్ళే, ఆయన ఎరిగినవాళ్ళే. మేడంగారు వాచీ చూసి, లోపలికి నీరు దిగిందన్నారు. రాజు గారు కోపంగా ఏమీ మాట్లాడలేదు. "చెరువులో దిగినా పర్లేదని ఈ అమ్మాయిగారే చెప్పేరండి. ముప్ఫై మీటర్లు ఆగుతుందన్నారు" అన్నారు.

అందరూ నా వైపు చూశారు. ఉద్యోగం పోతుందని భయమేసింది. "నేనలా అనలేదండి. చేతులు కడుక్కునేటప్పుడు చుక్క పడితే పర్లేదన్నానంతే" అనేశాను. అంత నున్నగా ఎలా వచ్చిందో ఆ అబద్ధం నాకు ఇప్పటికీ తెలియదు.

మొగల్తూరు వాళ్ళలో ఒకతను కిసుక్కున నవ్వి, "రాజు గారు ఈతలు కొట్టేసి షాపు మీద తోసేస్తున్నట్టున్నారు" అన్నాడు. రాజు గారు నా ముఖంలోకి ఒక్కసారి చూశారు. "అయితే పొరపాటు నాదే అయ్యుంటుందండి" అని, వాచీ జేబులో వేసుకుని, మేడంగారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. నన్ను చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

జనం పలచబడ్డాక మేడంగారు నన్ను లోపలికి పిలిచారు. అరవలేదు. బళ్ళో పిల్లలని అడిగినట్టే అడిగారు.

"అన్నావా, అనలేదా?"

నా వల్ల కాలేదు. "అన్నానండి" అని భోరుమన్నాను. చెరువు లోతు, పదిహేను చెరువుల జోకు, అంతా చెప్పేశాను. వాచీల ముప్ఫై మీటర్లు మనం అనుకునే లోతు కాదన్నారు ఆవిడ. కదలని వాచీని కదలని నీళ్ళలో పెట్టి కొలిచిన లెక్క అది. చెయ్యి ఆడిస్తూ నీళ్ళలో పనిచేసేవాళ్ళకు పనికిరాదు. చిన్న చినుకులకు సరిపోతుంది, అంతే.

"అది నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు. దానికి నేనే పూచీ" అన్నారు. "కానీ నాగమణీ, ఆ మనిషిని నలుగురిలో అబద్ధాలకోరుని చేసేవు. అది వాచీ కాదు, మార్చి ఇవ్వడానికి. నవ్వినవాళ్ళు మొగల్తూరు వాళ్ళు. రేపు మొగల్తూరు వెళ్దాం. చెప్పాల్సింది నువ్వు."

మర్నాడు బస్సులో వెళ్ళాం. మేడంగారి హ్యాండ్‌బ్యాగులో తువ్వాల్లో చుట్టిన మూడు వాచీలు ఉన్నాయి. దారి పొడుగునా నేను చెప్పాల్సిన మాటలు లోపల వంద రకాలుగా సిద్ధం చేసుకున్నాను. చెరువు గట్టు మీదకు వెళ్ళేసరికి రాజు గారు నీళ్ళలో నిలబడి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి తాడుకు కట్టిన వల పళ్ళెం పైకి లాగుతున్నారు. పాక దగ్గర నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నిన్న నవ్వినతను కూడా ఉన్నాడు. మమ్మల్ని చూసి రాజు గారు కంగారుపడి గట్టెక్కారు. "ఎండలో ఇంత దూరం వచ్చేరేంటండీ! ముందు బొండాలు తాగండి."

నేను ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు. చేతులు కట్టుకుని, నేల చూస్తూ, నేర్చుకున్నదంతా గబగబా అప్పజెప్పేశాను. తలెత్తి చూస్తే ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్లు హోరెత్తిపోతున్నాయి. నా మాట ఒక్కటీ ఎవరికీ వినపడలేదు.

"ఏంటమ్మా అన్నారు?" అని రాజు గారు చెవి ఒగ్గి, పాక వైపు చెయ్యి ఊపారు. ఎవరో స్విచ్చి కట్టేశారు. చక్రాలు మెల్లగా ఆగాయి. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే, గట్టు మీద కొంగ అడుగు కూడా వినపడుతుందేమో అనిపించింది. పాకలో వాళ్ళంతా లేచి దగ్గరికొచ్చారు. అయ్యబాబోయ్, ఆ గట్టు చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. మేడంగారి వైపు చూశాను. ఆవిడ బొండం తాగుతూ చెరువు చూస్తున్నారు.

నేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "చెరువులో పెట్టుకోవచ్చని నేనే చెప్పేనండి. నిన్న భయపడి అబద్ధమాడేను. మీరు చెప్పిందే నిజం" అన్నాను. అంతే మిగిలింది నోట్లో. రెండోసారి అది చిన్నదైపోయింది, బరువు మాత్రం పదింతలైంది.

రాజు గారు నిన్న నవ్వినతని వైపు చూశారు. అతను తలొంచుకుని, "ఆయ్, తప్పైపోయిందండి" అని గొణిగాడు. అప్పుడు రాజు గారు ముఖం తుడుచుకుని, "ఏవండీ, మోటారు వెయ్యండి, రొయ్యకి గాలాడదు" అని కేకేశారు. ఆ హోరు మళ్ళీ మొదలయ్యాక నాకు ఊపిరి వచ్చింది.

తరువాత మేడంగారు తువ్వాలు విప్పారు. ఆ గట్టు మీద జరిగినంత మంచి వాచీ బేరం నేను ఇప్పటిదాకా చూడలేదు. ఒక్కొక్కటీ పెట్టుకుని నీళ్ళలోకి దిగి పళ్ళెం లాగమన్నారు. మొదటిది మరీ పెద్దది, తాడు దానికి తగులుకుంది. రెండోది బరువుకి జారి అరచేతి మీదికి వచ్చింది. మూడోది సాదా స్టీలుది, తెల్ల డయలు, పక్కనున్న కీ స్క్రూలా తిప్పి బిగించుకునేది. పళ్ళెం పైకొచ్చినా అది ఉన్నచోటే ఉంది. "రేపు పట్టుపంచె కట్టినప్పుడు?" అని మేడంగారు అడిగితే, ఆయన చొక్కా చెయ్యి దించి, ముంజేయి తిప్పి చూసుకుని, "పెళ్ళికొడుకు కన్నా నేనే బాగుంటానేమోనండి" అన్నారు. అందరం నవ్వాం. నీళ్ళలో దిగేముందు కీ బిగించి ఉందో లేదో ఎలా చూసుకోవాలో చెప్పమని మేడంగారు నన్నే ముందుకు తోశారు. కీ తిప్పి చూపించాను. పాడైన వాచీని ఆవిడ బ్యాగులో వేసుకున్నారు. ఆ నష్టం ఎలా సర్దుకున్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

తిరుగు బస్సులో చాలాసేపు బిగబట్టి, చివరికి అడిగేశాను.

"రేపు నేను షాపుకి రావాలా అండి?"

"ఎనిమిదిన్నరకే రా. రాజు గారి బావమరిది వాచీకి వస్తున్నాడట. నువ్వే చూపించాలని చెప్పేరు ఆయన."

"నేనా? నేనెందుకండీ?"

"నేనూ అదే అడిగేను. 'ఇంతమందిలో నిలబడి ఒప్పుకున్న పిల్ల, ఇంక మా వాడికి అబద్ధం చెప్పదు కదండీ' అన్నారు."

ఎవరేమనుకుంటారోనని కూడా చూడకుండా ఏడ్చాను. కండక్టరు వచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదు బాబూ, ఉద్యోగం వచ్చింది" అన్నారు మేడంగారు.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నాకూ ఒక షాపు ఉంది, నా దగ్గరా ఇద్దరు పనిచేస్తున్నారు. ఎవరైనా వాచీ పట్టుకొచ్చి, "మీరే చెప్పేరు కదండీ" అంటే, 'లేదండీ' అన్న మాట ఇప్పటికీ నా నాలుక చివరికి వస్తుంది. అది పోలేదు, పోతుందనీ అనుకోను. దాన్ని మింగేసి, "చెప్పేనేమోనండి, కూర్చోండి, గుర్తు చేసుకుంటాను" అంటాను. గుర్తు చేసుకుంటే, చాలాసార్లు నేనే చెప్పి ఉంటాను.